చింతపండు నీళ్ళలో ఫెన్నిగ్‌లు

పొద్దున మా అమ్మాయి నోట్లోంచి ఒక యాభై హలాలాల నాణెం, అంటే అర రియాల్, తీశాను. ఏడాది మీద మూడు నెలల పిల్ల. సోఫా కింద అది దానికి ఎప్పుడు దొరికిందో నేను చూడలేదు. బుగ్గ ఒకవైపు ఉబ్బి ఉండడం చూసి, వేలు కొక్కెంలా వంచి లాగేసరికి అది గొంతెత్తి ఏడ్చింది. ఆ తర్వాత సోఫా జరిపి, కార్పెట్ దులిపి, మా ఆయన జేబులన్నీ తిరగేసి, ఇంట్లో ఉన్న చిల్లరంతా ఒక సీసాలో పోసి మూత బిగించి ఫ్రిజ్ మీద పెట్టాను. చేతులు రెండుసార్లు కడుక్కున్నా వేళ్ళకు ఆ వాసన పోలేదు. తడిసిన లోహం వాసన, చల్లగా, ఎక్కడో అడుగున కాస్త పుల్లగా. ఆ వాసన నాకు కొత్తది కాదు. పదమూడేళ్ళ వయసులో నా చేతులు రెండు రోజుల పాటు అదే వాసన కొట్టాయి.

సౌదీలోని ఇదే అల్ ఖోబర్‌లో, ఇప్పుడు మేముంటున్న ఇంటికి నాలుగు వీధుల అవతల, లేత గులాబీ రంగు వేసిన మూడంతస్తుల బిల్డింగులో నేను పెరిగాను. ఆగస్టులో సముద్రం మీది తేమ వచ్చి కిటికీ అద్దాలకు బయటివైపు చెమటలా పట్టేది. వేలితో ఆ చెమట మీద పేర్లు రాసుకుందామంటే అది అద్దానికి అవతల ఉండేది, మేము ఇవతల ఏసీలో ఉండేవాళ్ళం. దుమ్ము లేచిన రోజు ఆకాశం ఉడికిన పప్పు రంగులోకి తిరిగి, అమ్మ తడిపిన తువ్వాళ్ళు తలుపు సందుల్లో కుక్కేది. ఎండలు ముదిరాక బఖాలా కొట్టు ముందు అట్టపెట్టెల్లో సగం పండిన ఖర్జూరాలు వచ్చేవి, ఒక కొస పసుపుగా కరకరలాడుతూ, ఇంకో కొస మెత్తగా తేనెరంగులో కరిగిపోతూ. మార్చి వస్తే సముద్రం ఒడ్డున రోడ్డు పక్కన నాటిన వేపచెట్లు పూసేవి. ఉగాది పచ్చడికి నాయన అక్కడి నుంచి రుమాలు నిండా పువ్వు కోసుకొచ్చేవాడు, ఎవరైనా ఆపి ఏమిటిది అని అడుగుతారేమోనని కారులో నేను గుండె చిక్కబట్టుకుని కూర్చునేదాన్ని. శుక్రవారం పొద్దున వీధి మొత్తం నిద్రపోతుంటే అఫ్ఘన్ రొట్టెల దుకాణం ఒక్కటే తెరిచి ఉండేది. పొయ్యిలోంచి అప్పుడే తీసిన, పళ్ళెం కంటే పెద్దదైన తమీస్ రొట్టెను పాత పేపర్లో చుట్టి తెస్తే, మా అమ్మ దాన్ని శెనిక్కాయల ఊరుబిండి పచ్చడితో పెట్టేది. అలా తినే కుటుంబం ప్రపంచంలో మాది ఒక్కటేనని ఇప్పటికీ నా నమ్మకం.

మా నాయనది ప్రొద్దుటూరు. కంసాలి ఇల్లు. మా జేజినాయన, అంటే నాయన వాళ్ళ నాయన, వెండిపని చేసేవాడు, మెట్టెలు, మొలతాళ్ళు, కాళ్ళపట్టీలు. మిషన్ల మీద చేసిన సరుకు వచ్చి చేతిపని తగ్గిపోయాక నాయన పళ్ళ ల్యాబ్ పని నేర్చుకుని ఈ దేశం వచ్చాడు. ఒక క్లినిక్ వెనకగదిలో కూర్చుని మైనంతో పన్ను చెక్కి, అచ్చు తీసి, లోహం కరిగించి పోసి తొడుగులు చేసేవాడు. మెట్టె కాలికి, ఇది నోటికి, పని ఒకటే అనేవాడు. మా వంటగది గట్టు చివర ఆయన సొంత సామాను ఉండేది: చిన్న టార్చి, పట్టకారు, బొగ్గు దిమ్మ, ఇత్తడి తీగల బ్రష్షు. బిల్డింగులో ఎవరి గొలుసు తెగినా, ఎవరి చెవిదిద్దు మర వదులైనా మా ఇంటికే వచ్చేది. నాయన పైసా తీసుకునేవాడు కాదు గానీ ఆయనకొక పట్టింపు ఉండేది. అతుకు పెట్టమన్నది ఒక్క కొక్కేనికే అయినా సరే, మొత్తం పట్టీని వెచ్చగా కాల్చి, ఉప్పు వేసిన చింతపండు నీళ్ళలో ఉడికించి, కుంకుడు నురగతో తోమి, మల్లెమొగ్గంత తెల్లగా చేసిగానీ వాపసు ఇచ్చేవాడు కాదు. చేతికొచ్చిన వెండిని నల్లగానే తిరిగి పంపితే పనివాడికి అప్రతిష్ఠ అని మా జేజినాయన చెప్పిన మాట. నేను ఆ గట్టు పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, నల్లటి పట్టీ మంటలో ఇంకా నల్లబడి, చుయ్‌మని నీళ్ళలో మునిగి, తెల్లగా పైకి రావడం చూసేదాన్ని. పట్టకారు ఒక్కసారి ఇమ్మని ఎన్నిసార్లు అడిగినా ఇచ్చేవాడు కాదు. కొలిమి దగ్గర ఆడపిల్లకు పని లేదన్నది కూడా జేజినాయన మాటే.

మా పై అంతస్తులో మూర్తి అంకుల్ వాళ్ళుండేవాళ్ళు. కాకినాడ వాళ్ళు. అంకుల్ ఒక కాంట్రాక్టు కంపెనీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరు, భార్య పద్మ ఆంటీ, ఒక్కతే కూతురు సౌజన్యక్క. అక్క నాకంటే రెండేళ్ళు పెద్దది. నా జుట్టు ఎలా దువ్వుకోవాలో, లెక్కల టీచరుకు కోపం వచ్చినప్పుడు ఎటు చూడాలో, బ్రెడ్ మీద క్రీమ్ చీజ్ రాసి పైన ఆవకాయ ఎంత వేయాలో అన్నీ నాకు నేర్పింది అక్కే.

నేను అంకుల్ నాణేలు మొదటిసారి చూసింది ఒక చూయింగ్ గమ్ వల్ల. ఆ రోజుల్లో బఖాలాలో అర రియాల్ చిల్లర ఎప్పుడూ ఉండేది కాదు. కొట్టు నడిపే మలయాళీ ఆయన దానికి బదులు రెండు గమ్ములు చేతిలో పెట్టేవాడు. నాకు గమ్ ఇష్టం లేదు. ఒకరోజు ఆ గొణుగుడు గొణుక్కుంటూ మెట్లెక్కుతుంటే అంకుల్ విని, నీకు గమ్మైనా ఇచ్చాడు, జర్మనీలో ఒకప్పుడు చిల్లర లేకపోతే నాణేన్నే కత్తెరతో సగానికి కోసి ఇచ్చేవారు అన్నాడు. నేను నమ్మలేదు. పైకి రమ్మని తీసుకెళ్ళి, బీపీ మాత్రలు వేసుకునే ప్లాస్టిక్ పెట్టె ఒకటి తెచ్చాడు. వారానికి ఏడు గళ్ళు, పొద్దుటికొక వరస, రాత్రికొక వరస, మొత్తం పద్నాలుగు. మాత్రలకు బదులు ప్రతి గడిలో దూది మీద ఒక చిన్న వెండి నాణెం.

పెళ్ళికి ముందు అంకుల్‌ని కంపెనీ ఏడు నెలలు ట్రైనింగుకు జర్మనీ పంపిందట. ఆదివారం పూట పాతసామాన్ల సంతలో చిన్న నాణేలు పళ్ళేల్లో కుప్పలుగా పోసి ఉంటే, తోటివాళ్ళంతా ఊరికి చాక్లెట్లూ గడియారాలూ కొంటుంటే, ఈయన నెలకు రెండు నాణేలు కొన్నాడు. పాతదానితో మొదలుపెట్టి ఆదివారం ఉదయం నుంచి శనివారం రాత్రి దాకా గళ్ళలో సర్దాడు. మేము వాటిని ఆ పేర్లతోనే పిలిచేవాళ్ళం. సోమవారం రాత్రి బాగుందా, బుధవారం ఉదయం బాగుందా అని నేనూ అక్కా పోట్లాడుకునేవాళ్ళం.

ఆదివారం ఉదయం గడిలో ఉన్నది ఫెన్నిగ్. ఐదు వందల ఏళ్ళ పాటు ఆ దేశాల్లో అదొక్కటే నాణెమట. దానికంటే పెద్దది లేదు, చిన్నది కావాలంటే కోసుకోవడమే. సోమ, మంగళవారాల్లో ఉన్నవి కూడా ఫెన్నిగ్‌లే గానీ మరీ పలచన, అరటినార పొరంత, ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోయేలా. వెండి తక్కువై, రేకు సాగగొట్టి, ఒకవైపే అచ్చు కొట్టేవాళ్ళు, అందుకే ముందువైపు కూర్చున్న సింహం వెనకవైపు గుంటగా, తిరగబడి కనిపించేది. బుధవారం ఉదయం నాణెం మీద ఒక తెరిచిన అరచెయ్యి ఉండేది, అది హాల్ అనే ఊళ్ళో అచ్చయిన హెల్లర్. గురువారానికి వస్తే గ్రోషెన్, ఆ మాటకు అర్థమే లావుపాటిది అని. గనుల్లో కొత్తగా వెండి పడ్డాక దేశం కాస్త ఒళ్ళు చేసిందన్నమాట అనేవాడు అంకుల్. శుక్రవారం క్రాయిట్సర్, దాని మీద గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. ఇదే వెండితో తర్వాత తాలర్ అనే పెద్ద నాణెం పుట్టిందనీ, ఒక రాణి బొమ్మ ఉన్న ఆ పెద్దది ఓడలెక్కి అరబ్బు దేశాలకు వచ్చి ఇక్కడి సంతల్లో తరాల పాటు చెల్లిందనీ చెప్పాడు. మరి చిన్నవి ఎందుకు రాలేదని నేనడిగాను. చిన్న నాణెం ఇల్లు దాటదమ్మా, రొట్టెకూ ఉప్పుకూ తిరిగి తిరిగి అక్కడే అరిగిపోతుంది అన్నాడు.

శుక్రవారం భోజనాలయ్యాక మా నాయన కూడా అప్పుడప్పుడు పైకి వచ్చి వినేవాడు. ఒకసారి అంకుల్ చెప్పాడు, ఆ పలచటి ఫెన్నిగ్‌ల కాలంలో ఏడాదికి ఒకటి రెండుసార్లు ఊరి ప్రభువు పాత నాణేలు ఇక చెల్లవని చాటింపు వేయించేవాడట. పన్నెండు పాతవి తెచ్చి ఇస్తే తొమ్మిది కొత్తవి చేతిలో పెట్టేవాడు. మిగిలిన మూడూ పన్ను. నాయన గడ్డం గోక్కుని అన్నాడు:

"అంటే మన ఇఖామా రెన్యువల్ మాదిరే గదా సార్."

నవ్వి నవ్వి అంకుల్‌కి పొలమారింది. ఇఖామా అంటే ఇక్కడ ఉండడానికి ఏటేటా కొత్త చేయించుకునే కార్డు. మా బిల్డింగులో పిల్లలకు అ ఆలు రాకముందే ఆ మాట వచ్చేది.

నితాఖాత్ అన్న మాట కూడా అలాగే వచ్చింది. ఎంతమంది సౌదీలకు ఉద్యోగాలిచ్చారన్న దాన్ని బట్టి కంపెనీలకు రంగులు వేశారు, ఆకుపచ్చ అయితే భయం లేదు, పసుపు అయితే అనుమానం, ఎరుపు అయితే కార్డులు కొత్తవి కావు. పెద్దవాళ్ళు ఆ రంగుల గురించి గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే మేము మెట్ల మీద దాన్ని ఆట చేసుకున్నాం. ఒకరు సర్కారు. సర్కారు కళ్ళు మూసుకుని రంగు పేరు చెప్పాలి. ఎరుపు అన్నప్పుడు ఎవరి కాలు మెట్టు మీద ఉంటే వాళ్ళకు ఫైనల్ ఎగ్జిట్, అంటే దేశం వదిలి పోవడం, కిందికి పోయి గేటు దగ్గర నిలబడాలి. ఒకసారి పద్మ ఆంటీ మెట్లు దిగుతూ ఆ ఆట చూసి, నిలబడిపోయి, గబగబా దిగి వెళ్ళిపోయింది. అంకుల్ కంపెనీ అప్పటికే ఎరుపులోకి జారి, ఎలాగో మళ్ళీ పసుపులోకి పాకిందని మాకు తర్వాత తెలిసింది.

నేను ఎనిమిదిలోకి, అక్క పదిలోకి వచ్చిన ఏడు, వేసవి నుంచి ఇక్కడ ఉండే భార్యాపిల్లల మీద తలకు నెలకు వంద రియాళ్ళ ఫీజు మొదలైంది. అది ఏటేటా పెరుగుతుందన్నారు, కార్డు కొత్తది చేయించేటప్పుడే ఏడాదికి సరిపడా ముందుగా కట్టాలన్నారు. సెలవులకని ఊరికి వెళ్ళిన కుటుంబాలు తిరిగి రాలేదు. సెప్టెంబరులో బడి తెరిచేసరికి మా తరగతిలో మూడో వంతు బల్లలు ఖాళీ. మూర్తి అంకుల్‌కు ఐదు నెలలుగా జీతం లేదు. వాళ్ళ కార్డులకు అక్టోబరు ఆఖరుతో గడువు. అక్కకు మార్చిలో పదో తరగతి పరీక్షలు, తొమ్మిదిలోనే ఇక్కడి బడి నుంచి పేరు నమోదై ఉంది. మధ్యలో వెళ్ళిపోతే, వచ్చే ఏడాది మళ్ళీ చేరమ్మా అని కాకినాడలో అడిగిన రెండు బళ్ళూ చెప్పాయి. తరగతిలో ఫస్టు వచ్చే పిల్లకు ఒక ఏడాది పోవడమన్నది మా బిల్డింగులో అందరి నోటా నానింది. మార్చి దాకా ఎలాగైనా ఉంచితే చాలు, తర్వాత సంగతి తర్వాత అని పద్మ ఆంటీ మా అమ్మ దగ్గర కూర్చుని అనేది.

అంకుల్ పనిచేసే సైటులో ఒక జర్మన్ ఇంజనీరు ఉండేవాడు. ఆయనకూ నాణేల పిచ్చి. ఫోనులో ఫొటోలు చూసి, పద్నాలుగూ కలిపి రెండువేల ఐదు వందలకు తీసుకుంటానన్నాడు. ఆంటీకీ అక్కకీ ఏడాది ఫీజు రెండువేల నాలుగు వందలు. శుక్రవారం సాయంత్రం ఇంటికే వచ్చి చూస్తాననీ, ఒక్కో నాణెం బరువు రాసి పెట్టమనీ అడిగాడట. పళ్ళ ల్యాబులో వెంట్రుకను కూడా తూచే తక్కెడ ఉంటుంది కదా అని, బుధవారం సైటుకు వెళ్తూ అంకుల్ ఆ మాత్రల పెట్టె నాయన చేతిలో పెట్టి, బరువులు చూసి పెట్టమన్నాడు. నాయన గురువారం మధ్యాహ్నానికల్లా తూచి తెచ్చాడు. కాగితం మీద బరువులు నా చేత రాయించాడు. రాయడం అయ్యాక పెట్టెలోకి చూస్తూ కాసేపు కూర్చున్నాడు.

"ఇంత మంచి వెండి, మసి పట్టిపోయింది చూడు పాపా. రేపు కొనేటోడు వస్తాండాడు. ఇట్ల నల్లగా యెట్ల పంపిస్తాం? ఆ పట్టకారు తీసుకో, ఈసారి నువ్వు పట్టుకుందువు."

ఇక్కడ నేను ఒక విషయం రాయాలి. దానికి రెండేళ్ళ ముందు, ఆదివారం ఉదయం నాణేన్ని చూస్తూ చూస్తూ నేను గౌను అంచుతో రుద్దబోతే, అంకుల్ నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"తుడవకూడదమ్మా. ఆ నలుపు దాని వయసు. ఒకసారి పోయిందంటే మళ్ళీ రాదు."

అక్క అప్పుడు వేరే గదిలో ఉంది. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. నాయన పట్టకారు నా చేతికి ఇచ్చినప్పుడు అది నాకు గుర్తు రాలేదని చెప్పుకోవడానికి ఇన్నేళ్ళలో చాలాసార్లు ప్రయత్నించాను. గుర్తు వచ్చింది. స్పష్టంగా వచ్చింది. చెప్తే నాయన పట్టకారు వెనక్కి తీసుకుంటాడని కూడా వెంటనే తోచింది. ఆయన మనసు మారకముందే మొదలుపెట్టాలని గబగబా స్టూలు లాక్కున్నాను.

ఆ మధ్యాహ్నం అంత సంతోషం నా చిన్నతనంలో మరోసారి లేదు. నాయన బొగ్గు దిమ్మ మీద ఒక్కొక్కటే పెట్టి, టార్చి మంటను దూరంగా పట్టి, రంగు చూసి చెప్పేవాడు. ఇది మేలిమి, ఇందులో రాగి పాలు ఎక్కువ, ఇది ఎవడో తూకం కొట్టినాడు అని, వందల ఏళ్ళ కిందటి టంకశాల వాళ్ళ గుట్టు పక్కింటివాళ్ళ గుట్టులా చెప్తూంటే, అంకుల్ పుస్తకాల్లో చదివి చెప్పినవి మంట మీద అక్షరాలా కనిపించేవి. గ్రోషెన్ బొద్దుగా, తాపీగా వేడెక్కింది. పలచటి ఫెన్నిగ్ కళ్ళు మూసి తెరిచేలోపు ఎర్రబడింది. నేను పట్టకారుతో ఎత్తి చింతపండు నీళ్ళలో వదిలేదాన్ని. అమ్మ తలుపు దగ్గర నిలబడి, కడప జిల్లా నుంచి సముద్రాలు దాటి వచ్చి మళ్ళీ కొలిమే పెట్టినారు, నా పులుసు గిన్నె మాత్రం ముట్టుకోవద్దండి అని సాధించింది. చివరి మూడు నాణేలను, శుక్రవారం రాత్రి, శనివారం ఉదయం, శనివారం రాత్రి, నాయన మంటలో పెట్టనేలేదు. వీటిల్లో వెండి పేరుకే ఉంది, చింతపండు దండగ అని పక్కన పెట్టేశాడు. మిగతా పదకొండూ కుంకుడు నురగలో ఆడి, మా అమ్మ తెల్ల జాకెట్ గుడ్డ మీద ఆరాయి. తోమేటప్పుడు సోమవారం రాత్రి నాణెం, సింహం ఉన్నది, అంచు దగ్గర చిన్నగా చిట్లింది. అది నా చేతిలోనే చిట్లింది. పట్టనట్టు ఊరుకున్నాను.

అంకుల్ సైటు నుంచి శుక్రవారం పొద్దునకు వచ్చాడు. నాయన ఎంతో మురిపెంగా ఆ గుడ్డ విప్పాడు. అంకుల్ చూశాడు. కుర్చీలో కూర్చున్నాడు. అమ్మను మంచినీళ్ళు అడిగి, తాగి, గ్లాసు కింద పెట్టాక, చాలా శ్రద్ధగా చేశారండి అన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కటే వేళ్ళ మధ్య పట్టుకుని కిటికీ వైపు తిప్పి చూస్తూ, నాకేసి తిరిగి పాఠం చెప్పాడు. నా వైపే చూస్తూ చెప్పాడు గానీ అది నాయన వినడానికని ఇప్పుడు తెలుస్తోంది. టంకశాలలో కూడా వెండి రేకులు నల్లగానే ఉండేవట. అచ్చు కొట్టే ముందు వాటిని ఉప్పు, ద్రాక్షసారా పీపాల అడుగున పేరుకునే పుల్లటి గసి వేసి మరిగించేవారు, తెల్లబడే దాకా. ఆ గసిలో ఉండే పులుపూ మన చింతపండులో ఉండే పులుపూ ఒకటే. వెండిలో రాగి సగం పైన కలిపిన దొంగ ప్రభువులు కూడా అలాగే పైపై తెలుపు తెప్పించి జనం మీదికి వదిలారు, కొన్నాళ్ళకు తెలుపు అరిగి ఎరుపు బయటపడ్డాక పిల్లలు వాటితో వీధిలో గోళీలాట ఆడుకున్నారు.

"మీరు వాటిని మళ్ళీ టంకశాల నుంచి బయటికి తెచ్చారంతే. మధ్యలో ఎనిమిది వందల ఏళ్ళు లేవిప్పుడు."

నాయనకు ఆ మాటలో సగమే అర్థమైంది. మిగతా సగం సాయంత్రం అర్థమైంది. జర్మన్ ఆయన పొడుగ్గా, మర్యాదగా ఉన్నాడు, చెప్పులు బయటే విప్పాడు, ఆంటీ పెట్టిన పకోడీలు తిన్నాడు. భూతద్దం పెట్టి పదకొండు నాణేలూ చూసి, ఒక్కొక్కటీ తిరిగి గడిలో పెట్టి, మెల్లగా తల అడ్డంగా ఊపాడు. నాయన దండగన్న ఆ మూడు నాణేలే తీసుకున్నాడు. అవి అంకుల్ చెప్పిన ఆ దొంగ ప్రభువుల మోసపు నాణేలట, వాటి మీద మసి అలాగే ఉందని సంతోషించాడు. మూడింటికీ రెండు వందలు ఇచ్చాడు.

ఆ రాత్రి నాయన పైకి వెళ్ళి, మాకని దాచిన ఫీజు డబ్బు ఇస్తానన్నాడట. మీవాళ్ళిద్దరి గడువు వచ్చే నెలే కదండీ అని అంకుల్ కవరు మళ్ళీ ఆయన జేబులోనే పెట్టాడు. నాయన కిందికి వచ్చి అన్నం తినలేదు. ఒక్కమాట అడిగి చేసింటే పోయేది, ఒక్కమాట అడిగింటే, అని గోడకు చెప్పుకుంటున్నట్టు అన్నాడు. నేను కంచం ముందు కూర్చుని, చేతుల్లోంచి వచ్చే పుల్లటి వాసన పీలుస్తూ, ఆ ఒక్కమాట నా దగ్గరే ఉందని చెప్పలేకపోయాను.

అక్టోబరు ఆఖరివారంలో ఆంటీ, అక్క వెళ్ళిపోయారు. అక్క తన పదో తరగతి పుస్తకాలు నాకు ఇచ్చింది, ఎలాగూ అక్కడ మళ్ళీ కొంటారులే అంది. వాన్ కోసం గేటు దగ్గర నిలబడి ఉన్నప్పుడు, నన్ను మోచేత్తో పొడిచింది.

"మీ నాన్నగారు భలే తోమేశారంట కదే. మా అమ్మ ఇరవై ఏళ్ళ నుంచి ఆ పెట్టి శుభ్రం చెయ్యండి అని మొత్తుకుంటా ఉంది. పోన్లే, ఆవిడ కోరికైనా తీరింది."

నవ్వింది. నేనూ నవ్వాను. నోరు తెరవడానికి అదే సమయం అనుకున్నాను, అంతలో వాన్ వచ్చింది. అక్క ఆ ఏడాది పరీక్ష రాయలేదు. మరుసటి ఏడు, తనకంటే చిన్నవాళ్ళ మధ్య వెనక బెంచీలో కూర్చుని రాసింది.

మేము ఇంకో మూడేళ్ళు ఉన్నాం. ఫీజు పెరుగుతూ పోయింది, చివరికి నన్నూ అమ్మనూ కూడా నాయన పంపించి, తర్వాత రెండేళ్ళకు తనూ వచ్చేశాడు. నేను డిగ్రీ చదివి, పెళ్ళి చేసుకుని, మళ్ళీ ఈ ఊరికే వచ్చాను. పాత బిల్డింగు చూడాలని పిల్లను తోపుడుబండిలో వేసుకుని ఒకరోజు వెళ్ళాను. గులాబీ రంగు పోయి అద్దాలు బిగించారు, రోజు అద్దెకిచ్చే గదులట, మెట్లకు తాళం వేసి లిఫ్టు పెట్టారు. కాలింగ్ బెల్లుల పక్కన అతికించిన తెలుగు ఇంటిపేర్లు లేవు. బఖాలాలో అందరూ ఫోను చూపించి డబ్బు కడుతున్నారు, అర రియాల్‌కు గమ్ ఇచ్చేవాళ్ళు ఎవరూ లేరు. రొట్టెల దుకాణం ఉన్నచోట మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. మూర్తి అంకుల్ కాకినాడలో రిటైర్డు జీవితం గడుపుతున్నాడు. అక్క విశాఖలో బ్యాంకు ఉద్యోగి. ఆ పోగొట్టుకున్న ఏడాది గురించి మాట్లాడితే, అందుకే మా బ్యాచ్ మొత్తానికీ నేనే అక్కను అంటుంది.

వీటన్నిటికంటే ముందే పోయింది ఇంకొకటి ఉంది. ఆ శుక్రవారం తర్వాత నాయన ఎవరి వెండినీ ముట్టుకోలేదు. టార్చి, పట్టకారు ల్యాబుకు తీసుకెళ్ళిపోయాడు. ఎవరైనా తెగిన పట్టీ పట్టుకొస్తే చెయ్యి బాగలేదని చెప్పి పంపేవాడు. ప్రొద్దుటూరు వెళ్ళాక కూడా అంతే. మా అమ్మాయి పుట్టినప్పుడు మొలతాడు చేయించాలంటే, తరతరాల కంసాలి ఇంటి మనిషి బజారుకు పోయి షాపులో కొనుక్కొచ్చాడు. అమ్మ అడిగితే, అడగకుండా చేసే చెయ్యి నాది, దానికి ఇంక సొమ్ము ఇయ్యకూడదు అన్నాడట.

ఈ నెల మా ఆయన ఇఖామా గడువు. నాకూ పిల్లకూ కట్టాల్సింది అప్పటికి నాలుగింతలు. ఉండాలా, వెళ్ళాలా అని ఇద్దరం వారం రోజులుగా అవే మాటలు తిప్పి తిప్పి మాట్లాడుకుంటున్నాం, నాకు నిద్ర పట్టక ఇది రాస్తున్నాను. ఏం తేల్చుకుంటామో తెలియదు. కానీ ఇది రాస్తూ రాస్తూ ఒకటి తేల్చుకున్నాను. నాయన ప్రతి శుక్రవారం వీడియోలో ఫోన్ చేసి, మనవరాలి నోరు తెరిపించి ఎన్ని పళ్ళు వచ్చాయో లెక్కపెడతాడు. రేపు శుక్రవారం. లెక్కపెట్టడం అయ్యాక, ఫోన్ పెట్టేయకముందే చెప్తాను. నాయినా, తుడవకూడదని మూర్తి అంకుల్ నాకు ముందే చెప్పినాడు. పట్టకారు నువ్వు వెనక్కి తీసుకుంటావేమోనని నీకు చెప్పలేదు.